రెండు ఆరు, రెండు పది

లాడ్ బజార్‌లో గాజులు తొడిగే ఆమె పోయిన మంగళవారం చనిపోయింది. మా గల్లీలో ఆ కబురు చెప్పుకున్న తీరు విని ఇది రాస్తున్నాను. అయ్యో పాపం అన్నవాళ్ళు ఇద్దరో ముగ్గురో ఉంటారు. మిగిలినవాళ్ళందరిదీ ఒకటే మాట. ఏరి ఏరి చివరికి ఎవరూ లేకుండా పోయిందట. ఒకడి ముక్కు బాగాలేదని, ఒకడి నడక బాగాలేదని కూర్చుందట. నఖ్రాలు చేస్తే ఇంతేనట. పెళ్ళీడు పిల్లలున్న తల్లులు ఈ మాటలు కూతుళ్ళ చెవిన పడేలా కొంచెం గట్టిగానే అన్నారు.

ఆమె ఎవరి ముక్కుకూ వంక పెట్టలేదు. ఎవరి నడకనూ చూడలేదు. వచ్చిన ప్రతివాణ్ణీ ఒక్క మాట అడిగింది, అంతే. ఆ మాట ఏమిటో, దానికి ఎవరేం చెప్పారో పూర్తిగా తెలిసినవాళ్ళలో ఆమె పోయేనాటికి నేనొక్కణ్ణే మిగిలాను. ఆమె పేరు మాత్రం రాయను. ఆ పేరును ఒకసారి పాడు చేసినవాణ్ణి. మళ్ళీ వాడుకునే హక్కు నాకు లేదు.

చార్మినార్ వైపు నుంచి లాడ్ బజార్‌లోకి అడుగుపెడితే ఎడమ వరసలో ఉండేది వాళ్ళ దుకాణం. ఒక మనిషి కాళ్ళు చాపి పడుకుంటే నిండిపోయేంత చోటు. తెల్లగుడ్డ పరిచిన గద్దె, గోడల నిండా గూళ్ళు, గూళ్ళలో కర్రలకు గుచ్చిన గాజులు. తండ్రి బేరం చూసేవాడు. తొడిగే పని ఆమెది. అంతకుముందు తల్లి తొడిగేది. తల్లి పోయాక పద్నాలుగో ఏట ఈమె ఆ చోట కూర్చుంది. నవాబుల దేవిడీలలో పరదా వెనక ఉండే బేగంలకు గాజులు వేయాలంటే ఆడమనిషే లోపలికి వెళ్ళాలి. పిల్లకు పెళ్ళి చేసి పంపితే దుకాణం మూతపడుతుంది. అందుకని ఆ తండ్రి సంబంధాలు చూడడం నాలుగైదేళ్ళు వాయిదా వేశాడు. ఆమెకు ఇరవై దాటినా పెళ్ళి కాకపోవడానికి మొదటి కారణం ఇది. ఇది ఎవరూ చెప్పరు.

దుకాణానికి వచ్చినవాళ్ళ ముఖం ఆమె చివర్లో చూసేది. ముందు చెయ్యి చూసేది. ఆ చేతిని తన ఒళ్ళో పెట్టుకుని, "చెయ్యి నాకిడిసిపెట్టమ్మా" అనేది. రోజుకు వందసార్లు అనేది ఆ మాట, ప్రతిసారీ అప్పుడే కొత్తగా అంటున్నట్టు. బొటనవేలిని అరచేతిలోకి మడిచి, వేళ్ళన్నీ ఒక్కటిగా కూడదీసి, ఇంట్లో ఏం కూర వండారనో, ఆడబిడ్డ కాన్పు ఎన్నాళ్ళుందనో అడిగేది. జవాబు సగంలో ఉండగానే గాజు మణికట్టు మీద ఉండేది. బిగబట్టిన చేతికి మాత్రం తొడిగేది కాదు. కూర్చోబెట్టి, మంచినీళ్ళిచ్చి, ఆ చెయ్యి మెత్తబడేదాకా వేరేవాళ్ళ పని చూసుకునేది. ఒకావిడతో, నీ కుడిచెయ్యి రెండు దినాల సంది నిద్రపోలేదని అన్నదట. నిజంగానే ఆవిడ జ్వరం వచ్చిన పిల్లవాణ్ణి రెండు రోజులుగా ఆ చేతి మీదే పడుకోబెట్టుకుంది.

ఆమె చేతులకు మాత్రం జత గాజులు ఉండేవి కావు. జోడు పగిలిపోయి ఒంటరిగా మిగిలినవన్నీ తానే వేసుకునేది. ఒక ఎరుపు, ఒక ఊదా, ఒక పసుపు, ఒక నల్లచుక్కలది. గాజులమ్మేదానివి, నీకు జత గాజులు కరువా అని ఎవరైనా దెప్పితే రెండు చేతులూ గలగలలాడించి, "జత లేకుంటే ఏంది, మోగుతలెవ్వా?" అనేది.

పెళ్ళి మాట ఎత్తినవాళ్ళకూ అలాగే జవాబు దొరికేది. ఒకరోజు ఒక షావుకారు భార్య గూళ్ళలోవన్నీ దింపించి, ఇది ముదురు, అది లేత, దీనికి మెరుపు లేదు అంటూ గంటసేపు కూర్చుని, చివరికి డజను గాజులు ఎంచుకుంది. తొడిగించుకుంటూ, ఇట్ల ఏరుకుంట కూసుంటే ఎట్ల బిడ్డా, ఎవడో ఒకడని చేసుకోవాలె అని బుద్ధి చెప్పింది. ఈమె చేతిలో పని ఆపకుండానే అంది.

"ఆర్నెల్లుండే గాజులకు నాతోని దుకాణమంత దింపిచ్చినవ్ వదినా. సచ్చెదాంక ఉండెటోన్ని నేనొక్క మాట అడుగొద్దా?"

ఆ షావుకారు భార్య దీన్ని నలుగురికీ నవ్వుతూ చెప్పుకుంది. ఆ నవ్వు నలుగురు దాటేసరికి పిల్లకు పొగరన్న మాటగా మారింది.

ఆ ఒక్క మాట ఇది. పెళ్ళిచూపులకు వచ్చిన పెద్దలు అడగాల్సినవన్నీ అడిగి, పిల్లను నడిపించి, మాట్లాడించి ముగించాక, తలవంచుకునే ఆమె పిల్లవాణ్ణి అడిగేది: మీ అమ్మ చేతికి ఏ కొలత గాజు పడ్తది? తల్లి లేనివాణ్ణయితే అక్క చేతిదో వదిన చేతిదో అడిగేది. రెండు నాలుగు, రెండు ఆరు, రెండు ఎనిమిది అని అంకె పెరిగేకొద్దీ పెద్దవయ్యే గాజుల కొలతలు ప్రతి ఇంట్లో ఆడవాళ్ళ నోట నలిగేవే. మగవాళ్ళకే తెలియవు. నాకంటే ముందు ఆరుగురు వెళ్ళారు, వాళ్ళ జవాబులు నాకు తర్వాత్తర్వాత తెలిశాయి. ఒకడు నవ్వాడు. ఒకడు ఆడోళ్ళ సంగతులు నన్నెందుకు అడుగుతావని గద్దించాడు. ఒకడు నోటికొచ్చిన కొలత చెప్పాడు, పక్కన కూర్చున్న తల్లి సిగ్గుపడింది. బయటికి వచ్చాక ఆరోవాడు తప్ప ఒక్కడూ ఆ ప్రశ్న సంగతి చెప్పుకోలేదు. పిల్లకు పొగరు ఎక్కువ అని మాత్రం చెప్పుకున్నారు.

ఆరోవాడు నా స్నేహితుడు. నాతోపాటే కచ్చేరీలో గుమాస్తా. ఇరానీ హోటల్లో చాయ్ తాగుతూ నాకు చెప్పేశాడు.

"ఏమడిగిందో ఎర్కేనా భాయ్? మా అమ్మ గాజుల కొలతట. నేనేమన్న గాజులోన్నా?"

బల్ల చుట్టూ ఉన్నవాళ్ళం పడి పడి నవ్వాం. అందరికంటే గట్టిగా నవ్వింది నేను. నవ్వుతూనే లోపల ఒక ఎత్తు వేసుకున్నాను. ఆమె నాకు కావాలి. చిన్నప్పుడు వాళ్ళ దుకాణానికి పాలు పోసింది నేనే. మా కులంవాళ్ళే, తాతల నాడు పాలపని వదిలి గాజుల్లోకి దిగారు. మేం మాత్రం బర్రెలతోనే ఉండిపోయాం. నేను నాలుగు ముక్కలు చదువుకుని శేర్వాణీ, రూమీ టోపీ వేసుకునే కొలువు సంపాదించాను. పొద్దున్నే అత్తరు రాసుకుని బయలుదేరేవాణ్ణి. ఎందుకో చెప్పనక్కర్లేదు. మా ఇంట్లో ఐదు బర్రెలుండేవి.

ఆ సాయంత్రం ఇంటికి వెళ్ళేసరికి అమ్మ కొట్టంలో పాలు పిండుతోంది. ఆమె కుడిచేతి గాజులు ఎప్పుడూ వదులుగా ఉండి, చెయ్యి కదిలినప్పుడల్లా మోచేతి దాకా జారి మళ్ళీ కిందికి వచ్చేవి. ఎడమచేతి గాజులు కదిలేవి కావు. పుట్టినప్పటినుంచీ ఆ చప్పుడుకే నేను నిద్ర లేచాను. ఆ రోజు ఆ చప్పుడు పక్కనుంచే నడిచి, కొట్టం దాటి, లోపలికి వెళ్ళి, అమ్మ పెట్టె తెరిచాను. పాత గాజులలోంచి ఒకటి తీసి జేబులో వేసుకున్నాను. మర్నాడు బజారు అవతలి కొసన ఇంకో దుకాణంలో కొలిపించాను. రెండు ఆరు అన్నాడు. అంతే, పాఠం వచ్చేసింది.

వాళ్ళింటికి మొదట మగవాళ్ళమే వెళ్ళాం. పాలవేళ అమ్మ కదిలేది కాదు. పెద్దల మాటలు ముగిశాయి. ఆమె అడిగింది. నేను కొంచెం ఆలోచించినట్టు నటించి, రెండు ఆరు అన్నాను.

ఆమె తల ఎత్తింది. ఎలా తెలుసని అడిగింది.

"దినాం సూస్త గద" అన్నాను.

ఆమె నవ్వింది. తన చేతి గాజులు పైకీ కిందికీ తోసుకుంటూ, తండ్రి వైపు చూసి చిన్నగా తలాడించింది. ఆ ముసలాయన కళ్ళు తుడుచుకున్నాడు. ఆరు సంబంధాలు తోసేసిన పిల్ల ఏడోవాణ్ణి ఒప్పుకుంది. ఇది గుర్తుంచుకోవాలి. ఎవరూ నచ్చలేదని చెప్పుకునే ఆ మనిషికి ఒకడు నచ్చాడు. ఒప్పుకుంది. నలుగురి ముందు నవ్వింది కూడా.

నిశ్చయానికి ముందు అమ్మ గాజులు తొడిగించుకోవడానికి దుకాణానికి వచ్చింది. అంతవరకు అమ్మ గల్లీలోకి గాజుల మలారం మోసుకొచ్చే ముసలావిడ దగ్గరే గాజులు వేయించుకునేది. లాడ్ బజార్ గద్దె ఎక్కడం అదే మొదలు. నేను మెట్టు దగ్గర నిలబడ్డాను. ఆమె అప్పటికే పచ్చగాజులు డజను విడిగా తీసి పెట్టుకుంది, అన్నీ రెండు ఆరు. ముందు ఎడమచెయ్యి తీసుకుంది. బర్రెలకు ఈసారి గడ్డి ఎక్కడినుంచి వస్తున్నదని అడుగుతూ ఆరు గాజులూ తొడిగేసింది. తర్వాత కుడిచెయ్యి ఒళ్ళో పెట్టుకుంది. బొటనవేలిని మడవబోయి ఆగింది.

ఆ వేలు లోపలికి వంగదు. మొదలు దగ్గర ఎముక విరిగి, అతుక్కున్నప్పుడు పక్కకు తిరిగి అతుక్కుంది. ఆ సంగతి నేను కూడా అప్పుడే చూశాను.

"ఇదెప్పుడైంది అత్తా?"

"వీనికి ఆరేండ్లప్పుడు బిడ్డా. బర్రె తన్నింది. కట్టు కట్టిచ్చుకునెటందుకు పోలే, పాలు ఎవలు పిండాలె? ఈ చేతికి రెండు పదైతెనే ఎక్కుతది. వీడు చెప్పలే?"

ఆమె నా వైపు ఒకసారి చూసింది. లేచి, పై గూట్లో వెదికి, అదే పచ్చలో రెండు పది కొలతవి ఆరు తెచ్చింది. వంగని ఆ వేలిని నొక్కకుండా చేతిని కొంచెం పక్కకు వాల్చి ఒక్కొక్కటీ తొడిగింది. ఎడమచేతికి పట్టినదానికి నాలుగింతల సేపు పట్టింది. మధ్యలో ఎన్ని మాటలు చెప్పిందో! అమ్మ అంత నవ్వడం నేను చూడలేదు.

అమ్మ ఆమె తండ్రితో మాట్లాడుతుండగా ఆమె మెట్టు దగ్గరికి వచ్చింది.

"నువ్వు చెయ్యి సూడలే. పెట్టె సూసినవ్."

రెండు కొలతల తేడాకు ఇంత రాద్ధాంతమా అన్నాను. వేరేవాళ్ళకు అది కూడా తెలియదు కదా, నేను కనీసం తెలుసుకుని వచ్చాను కదా అన్నాను. ఆమె గొంతు పెంచలేదు.

"ఏడుగురు వచ్చిన్రు. ఒక్కడన్న 'నాకు తెల్వది, అడిగొస్త' అంటడేమోనని సూసిన. తెల్వదంటే తప్పా? నేను నేర్పుతుంటి. ఇరువై ఏండ్లు బువ్వ పెట్టిన చెయ్యి నీ కండ్లకు ఆనలే, మల్ల దినాం సూస్త అంటివి. నా చెయ్యెన్ని దినాలు సూస్తవ్?"

ఇదీ ఆమె నఖ్రా. తెలియదు అనగలిగిన మగవాడు కావాలంది. ఇంత ఊళ్ళో ఒక్కడు దొరకలేదు. ఇది ఆమె ఎక్కువ కోరుకోవడమో, మేం అంత తక్కువవాళ్ళం కావడమో చదివేవాళ్ళు చెప్పాలి.

వాళ్ళ నాన్న మాకు వీలుపడదని కబురు పంపాడు. కారణం చెప్పలేదు. ఆమె చెప్పనివ్వలేదు. ఒక్క మాట బయటపెట్టి ఉంటే బజారంతా నన్ను చూసి నవ్వేది. నా పరువు కాపాడి ఊరుకుంది. ఆ ఖాళీని నేను నింపాను. ఇంట్లో బాపు అడిగితే, కచ్చేరీలో స్నేహితులు అడిగితే, హోటల్లో ఎవరడిగితే వాళ్ళకు ఒకటే చెప్పాను: మా అమ్మ చెయ్యి వంకర అని ఒద్దన్నది.

ఎంత సులువుగా నమ్మారో! ఆరుగురు మగవాళ్ళు నాకు సాక్ష్యం చెప్పారు. ముసలితల్లి విరిగిన చేతికి కూడా వంక పెట్టిందంటే ఇంకేం మిగిలింది? ఎనిమిదో సంబంధం రాలేదు. రెండేళ్ళకు తండ్రి పోయాడు. దుకాణం ఆమె ఒక్కతే నడిపింది.

బాపుకు ఆ మాట చెప్పినప్పుడు అమ్మ పొయ్యి దగ్గర ఉంది. కుడిచేతిని కొంగు కిందికి తీసుకుంది. ఆ తర్వాత ఎవరైనా ఇంటికొస్తే ఆ చెయ్యి కొంగు కిందే ఉండేది.

ఆరు నెలలు తిరగకుండా నేను పెళ్ళి చేసుకున్నాను. మంచి మనిషి. పిల్లలు పుట్టారు. ఆమెకు ఎదురుపడకుండా లాడ్ బజార్ మానేసి చుట్టూ తిరిగి కచ్చేరీకి వెళ్ళడం అలవాటు చేసుకున్నాను. రెండో ప్రపంచయుద్ధం వచ్చింది. బయటిదేశం గాజులు రావడం ఆగిపోయి, గల్లీలో ఆడవాళ్ళు ఉన్నవే అపురూపంగా దాచుకున్నారు. అమ్మ రెండు చేతులకూ మాత్రం ప్రతి పండుగకూ కొత్త పచ్చగాజులుండేవి. ఎక్కడివని నేను అడగలేదు. చూడని అలవాటు అప్పటికీ పోలేదు.

యుద్ధం ముగిసే రోజుల్లో అమ్మ పోయింది. బాపు ఉండగానే పోయింది కాబట్టి పసుపు, కుంకుమ, కొత్త గాజులతో పంపాలి. గాజులు ఎవరు తెస్తారా అని ఆడవాళ్ళు అనుకుంటూ ఉండగానే ఆమె వాకిట్లోకి వచ్చింది. ఎవరూ పిలవలేదు. తల కొంచెం నెరిసింది. చేతులకు అవే జత లేని గాజులు. గుడ్డ విప్పితే పచ్చగాజులు, రెండు కొలతలవి. అమ్మ పక్కన కూర్చుని కుడిచెయ్యి ఒళ్ళోకి తీసుకుంది. అది అప్పటికే బిగుసుకుపోయింది.

"చెయ్యి నాకిడిసిపెట్టమ్మా" అంది.

ఒక్కటి పగలలేదు. నేను గుంజను ఆనుకుని నిలబడి చూస్తున్నాను. వెనకనుంచి ఒక ఆడమనిషి, ఆ చేతికే వంక పెట్టిన మనిషి ఈమెనే అని గుసగుసగా అంది. అందరికీ వినపడింది. ఆమెకూ వినపడింది. తల తిప్పకుండా జవాబిచ్చింది.

"ఈ చెయ్యి నాకు కొత్తది కాదక్కా. పదేండ్ల సంది పండుగ పండుక్కు నాకాడికే వచ్చింది."

అప్పుడు అర్థమైంది నాకు. అమ్మ అప్పుడే తానుగా వెళ్ళి ఉంటుంది. అడిగి ఉంటుంది. ఏం జరిగిందో అమ్మకు పదేళ్ళుగా తెలుసు. ఒక్కరోజు నన్ను అడగలేదు. ఆ చేత్తోనే నాకు అన్నం పెడుతూ వచ్చింది. ఇప్పుడైనా నోరు తెరవాల్సింది నేను. నా తల్లి శవం ముందు, నా అబద్ధం మోస్తున్న మనిషి ముందు, నేను గుంజను పట్టుకుని నిలబడ్డాను. ఆమె లేచి, చేతులు కడుక్కుని, నన్ను దాటుకుని వెళ్ళిపోయింది. నేనక్కడ ఉన్నట్టే చూడలేదు. చూడదగ్గ పని నేనేం చేశాను?

అది నాలుగేళ్ళ కిందటి మాట. మంగళవారం ఆమె పోయిందని తెలిసి నా భార్య బయలుదేరితే నేను కూడా వెళ్ళాను. దుకాణం వెనక గదిలో పడుకోబెట్టారు. బజారులోని గాజులవాళ్ళు, తురకలు, హిందువులు, అంతా బయట నిలబడ్డారు. దేవిడీల నుంచి ముసలి పనిమనుషులు కూడా వచ్చారు. లోపల ఒక పెద్దావిడ, ఈ రంగురంగుల ఒంటి గాజులు బాగాలేవు, ఇప్పుడన్నా జత గాజులు తొడుగుదాం అంటూ ఆమె చేతి గాజులు తీయబోయింది. ఏరి ఏరి చివరికి ఒక జత కూడా లేకపోయె అని ఇంకెవరో అన్నారు.

నేను గడప దాటి లోపలికి వెళ్ళాను. మగవాళ్ళు వెళ్ళే చోటు కాదది.

"అవి తియ్యకున్రి. ఆమె ఇష్టపడి ఏసుకున్నయి."

అందరూ నా వైపు తిరిగారు. ఇక ఆగితే మళ్ళీ గుంజే దిక్కవుతుందని తెలుసు. ఆమె మా అమ్మ చేతికి వంక పెట్టలేదని, ఆ మాట నేను పుట్టించానని, ఆమె నన్ను ఒప్పుకుందని, నేను అబద్ధమాడి దొరికిపోయానని మొత్తం చెప్పాను. గాజు కొలత దగ్గర మొదలుపెట్టి మెట్టు దగ్గర ఆమె అన్న మాట దాకా. ఆమె ఏరుకోవడం తప్పు కాదని, మాలో ఏరుకోదగ్గవాడు లేకపోవడం తప్పని చెప్పాను.

బజారు పెద్దమనిషి ఒకాయన బయటనుంచి, మరి గిన్నేండ్లు ఏం జేసినవ్ అన్నా అని అడిగాడు. నోరు మూసుకుని ఉన్నానని చెప్పాను. పెద్దావిడ చెయ్యి వెనక్కి తీసుకుంది. ఎరుపూ, ఊదా, పసుపూ, నల్లచుక్కలదీ ఆమెతోనే వెళ్ళాయి.

రేపటినుంచి ఎవరి కూతురినైనా ఆమెను చూపించి భయపెట్టాలనుకునేవాళ్ళు ముందు నా దగ్గరికి రావాలి. నాకు కూడా కూతురుంది. ఆ పిల్ల ఎంతసేపైనా అడగనీ, ఎంతమందినైనా అడగనీ. వచ్చినవాడి తరఫున నేను తొందరపెట్టను.

నా భార్య ఆ గదిలోనే ఉంది, అంతా వింది. ఇంటికి వచ్చి స్నానాలయ్యాక బియ్యం కడుగుతూ, నా వైపు చూడకుండా, "మరి నా చేతిది?" అని అడిగింది.

పద్నాలుగేళ్ళ కాపురం. పెట్టె ఎక్కడుందో తెలుసు.

"తెల్వది" అన్నాను. "సూపియ్యి."

కొంగుతో చేతులు తుడుచుకుని వచ్చి నా ముందు కూర్చుంది. రెండు చేతులూ చాపింది. ఎడమచేతి చిటికెనవేలు గోరు దగ్గర చిన్నగా చీలి ఉంది. మణికట్టు లోపలివైపు పాత కాలిన మచ్చ ఉంది. అది ఎలా అయిందని అడిగాను. చెప్పడం మొదలుపెట్టింది. అన్నం పొయ్యి మీదికి ఎక్కేసరికి చాలా ఆలస్యమైంది.